గ్లైడర్‌కీ హెలికాప్టర్‌కీ ఒకే రిమోట్: శ్రీకాకుళం ప్రాజెక్టు డైరీ

కార్తీకం: అసలు కావలసింది ఏమిటి

ఒకే ట్రాన్స్‌మిటర్‌తో, అంటే చేతిలో పట్టుకునే రేడియో రిమోట్‌తో, రెండు ఎగిరే మోడళ్లు నడవాలి. మొదటిది రెండు మీటర్ల రెక్కల ఎలక్ట్రిక్ గ్లైడర్. రెక్కల్లో రెండు ఐలరాన్లు (పక్కకి ఒరిగించేవి), రెండు ఫ్లాపులు (కిందకి దిగి వేగం తగ్గించేవి), తోకలో ఎలివేటర్ (ముక్కు లేపి దించేది), రడ్డర్ (ముక్కు పక్కకి తిప్పేది), ముక్కున మడతపడే ప్రొపెల్లర్. అంటే ఆరు సర్వోలు (వీటిని కదిపే చిన్న మోటార్లు), ఒక ఈఎస్‌సీ (ప్రొపెల్లర్ మోటారు వేగం నడిపే సర్క్యూట్). రెండోది 450 సైజు ఫ్లైబార్‌లెస్ హెలికాప్టర్, అంటే రోటర్ మీద నిలకడ కోసం పెట్టే అడ్డకడ్డీ (ఫ్లైబార్) లేనిది. స్వాష్‌ప్లేట్‌కి (రోటర్ బ్లేడ్ల వాలు మార్చే పళ్లెం) మూడు సర్వోలు, తోకకి ఒకటి, ఒక ఈఎస్‌సీ.

హెలికాప్టర్ అనగానే దానికే పెద్ద రేడియో కావాలనుకుంటారు. నిజానికి సంగతి తిరగబడి ఉంది. ఫ్లైబార్‌లెస్ హెలికాప్టర్‌లో స్వాష్‌ప్లేట్ మిక్సింగ్ (ఒక స్టిక్ కదలికని పలు సర్వోలకి పంచడం), జైరో, తోక సవరణ అన్నీ మోడల్ లోపలి ఎఫ్‌బీఎల్ (ఫ్లైబార్‌లెస్) యూనిటే చూసుకుంటుంది. ట్రాన్స్‌మిటర్ పంపేది రోల్ (పక్కలకి ఒరగడం), పిచ్ (ముందు వెనకలకి వంగడం), తోక, కలెక్టివ్ (బ్లేడ్లన్నిటి వాలు ఒకేసారి మార్చి ఎత్తు మార్చేది), థ్రాటిల్ (మోటారు వేగం), ఒకటి రెండు స్విచ్‌లు. అంతే. గ్లైడర్‌లో అలాంటి యూనిట్ ఏదీ ఉండదు. ఫ్లాపు ఎంత దిగాలి, అది దిగినప్పుడు ఐలరాన్ ఎంత లేవాలి, ముక్కు లేవకుండా ఎలివేటర్ ఎంత సర్దుకోవాలి అనే లెక్కంతా ట్రాన్స్‌మిటర్‌లోనే జరగాలి. ఒక్క మాటలో, హెలికాప్టర్ బుర్ర హెలికాప్టర్‌లోనే ఉంటుంది, గ్లైడర్ బుర్ర మన చేతిలో ఉంటుంది. కాబట్టి రేడియోని గ్లైడర్ కోసం ఎంచుకుని, హెలికాప్టర్ కోసం సరిచూసుకోవాలి. ఈ వరస తప్పితే ఏడాది తిరక్కుండా రెండో రేడియో కొనాల్సి వస్తుంది.

ఫ్లైబార్ ఉన్న పాత హెలికాప్టర్ అయితే లెక్క వేరు. 120 డిగ్రీల సీసీపీఎమ్ మిక్సింగ్, అంటే స్వాష్‌ప్లేట్ మూడు సర్వోలకి లెక్క పంచడం, ట్రాన్స్‌మిటరే చెయ్యాలి. రడ్డరు, ఎలివేటరు మాత్రమే ఉన్న మొదటి గ్లైడర్‌కి అయితే ఏ నాలుగు ఛానెళ్ల రేడియో అయినా (ఛానెల్ అంటే ఒక్కో ఆజ్ఞ వెళ్లే దారి) సరిపోతుంది. దానికి ఇంత చర్చ అక్కర్లేదు.

కావలసినవి కాగితం మీద పెడితే ఇవి తేలాయి. కనీసం ఎనిమిది ఛానెళ్లు. మోడల్ ఒక్కోదానికి ఐదు ఫ్లైట్ మోడ్‌లు (స్విచ్‌తో మార్చుకునే సెట్టింగుల వరసలు), ఒక్కో మోడ్‌కి విడిగా ట్రిమ్‌లు (నడిమి స్థానాన్ని కొద్దిగా సర్దేవి). ఇష్టమొచ్చినట్టు రాసుకోగల మిక్సర్, కనీసం ఐదు పాయింట్ల కర్వ్‌లు (స్టిక్ ఎంత కదిలితే సర్వో ఎంత కదలాలో చెప్పే గీతలు). ఎత్తు, ఆరోహణ వేగం చెవికి వినిపించే వేరియో. థ్రాటిల్ స్టిక్ మీద పళ్ల క్లిక్ తీసేసే వీలు. వేళ్లకి అందే పక్క స్లైడర్లు. ఛానెళ్ల సంఖ్య ఈ జాబితాలో అన్నింటికన్నా తేలిగ్గా దొరికే సరుకు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసేది మాత్రం దాన్నే.

మార్గశిరం: వడపోత

ఫ్లైస్కై ఎఫ్ఎస్-ఐ6. మన దగ్గర మొదటి రేడియోగా ఎక్కువమంది కొనేది ఇదే. ఆరు ఛానెళ్లు, నాలుగు ఏఏ సెల్స్, ఇరవై మోడళ్ల మెమరీ. ఎలెవాన్, వీ-టెయిల్ మిక్స్‌లు (తోక లేని, వీ ఆకారపు తోక ఉన్న విమానాలకి) ఉన్నాయి. ఫోమ్ విమానానికి, చిన్న హెలికాప్టర్‌కి ఢోకా లేదు. ఆరు సర్వోల గ్లైడర్ దగ్గర ఆగిపోతుంది. మోటారుతో కలిపి ఏడు ఔట్‌పుట్‌లు కావాలి, బ్రేకు (ఫ్లాపులు దించి, ఐలరాన్లు లేపి వేగం తగ్గించడం) కర్వ్‌లు రాయడానికి చోటుండదు.

పాత ఫ్రస్కై టరానిస్ ఎక్స్9డీ ప్లస్ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే వదలొద్దు అనేవాళ్లున్నారు, కారణం ఉంది. నలుపు తెలుపు తెర ఎండలో బాగా కనిపిస్తుంది, పక్క స్లైడర్లున్నాయి, దాని లోపలి సాఫ్ట్‌వేర్ ఓపెన్‌టీఎక్స్‌లో గ్లైడర్‌కి చెయ్యలేనిది లేదు. చిక్కల్లా రిసీవర్లతోనే (మోడల్‌లో సిగ్నల్ అందుకునేవి). దాని ఏసీసీఎస్‌టీ డీ16 ప్రోటోకాల్‌లో (రేడియో, రిసీవర్ మాట్లాడుకునే భాష) 1.ఎక్స్, 2.1 అని రెండు ఫర్మ్‌వేర్ తరాలున్నాయి, ఒకదానితో ఒకటి కలవవు. సెకండ్ హ్యాండ్‌లో రేడియో ఒక తరం, దానితో ఇచ్చిన రిసీవర్ ఇంకో తరం అయితే బైండ్ కాదు, అంటే రెండూ జతపడవు. "రిసీవర్ పాడైపోయింది" అని చవగ్గా వదిలించుకునేవాటిలో కొన్ని ఇలాంటివే.

స్పెక్ట్రమ్. విమానం, హెలికాప్టర్, గ్లైడర్ అని మోడల్ రకం ఎంచుకుంటే మెనూలు దానికి తగ్గట్టు మారిపోతాయి. మిక్సర్ మొదటినుంచీ రాసుకోవడం ఇష్టం లేనివాళ్లకి ఇది హాయి. బ్లేడ్ హెలికాప్టర్లు, రేడియన్ గ్లైడర్ లాంటివి బైండ్ చేసి ఎగరేయడానికి సిద్ధంగా వస్తాయి. ఖర్చు రేడియో దగ్గర ఆగదు, ప్రతి మోడల్‌కీ దాని భాష మాట్లాడే రిసీవర్ కొంటూ పోవాలి.

రేడియోమాస్టర్ బాక్సర్. చేతిలో చక్కగా ఇముడుతుంది, నలుపు తెలుపు తెర, హాల్ సెన్సర్ గింబల్స్ (రాపిడి లేకుండా అయస్కాంతంతో కొలిచే స్టిక్‌లు), ఎడ్జ్‌టీఎక్స్ (ఓపెన్‌టీఎక్స్ నుంచి పుట్టిన సాఫ్ట్‌వేర్). హెలికాప్టర్ ఒక్కటే అయితే వెతుకులాట ఇక్కడే ముగిసేది. పక్క స్లైడర్లు లేవు. గ్లైడర్‌లో క్యాంబర్‌ని (రెక్క వంపుని) బొటనవేళ్లు స్టిక్‌ల మీంచి తియ్యకుండా సర్దాలంటే స్లైడర్ ఉండాల్సిందే. అదే కంపెనీ పాకెట్, జోరో లాంటి గేమ్‌ప్యాడ్ రకాల్ని ఈ కారణంతోనే చూడలేదు.

మిగిలింది రేడియోమాస్టర్ టీఎక్స్16ఎస్ మార్క్ 2. పదహారు ఛానెళ్లు, రెండు పక్క స్లైడర్లు, ఆరు బటన్ల వరస, వెనక మాడ్యూల్ బే. బరువు బ్యాటరీ లేకుండానే 750 గ్రాములు, అందుకని మెడపట్టీ కావాలి. లోపలి రేడియో రెండు రకాల్లో వస్తుంది: ఫోర్-ఇన్-వన్ మల్టీ ప్రోటోకాల్, లేదా ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్ అనే ఓపెన్ సోర్స్ లింకు వ్యవస్థ. పాత రిసీవర్లు గూట్లో పేరుకుపోయి ఉంటే మల్టీ తీసుకోవాలి. అందులోని నాలుగు చిప్‌లూ కలిసి ఫ్రస్కై, ఫ్లైస్కై, స్పెక్ట్రమ్, చాలా బొమ్మ హెలికాప్టర్ల భాషలు మాట్లాడతాయి. ఫుటాబా కంపెనీ ఫాస్ట్ అనే భాష మాత్రం రాదు. ఫ్రస్కై రిసీవర్‌ని మల్టీతో వాడితే ఫ్రీక్వెన్సీ సవరణ అంకె తప్పక సరిచెయ్యాలి. సిగ్నల్ పోయే రెండు చివరలూ కనిపెట్టి, వాటి నడిమి అంకె పెట్టాలి. బల్ల మీద పనిచేసి పొలంలో తెగిపోతోందంటే మొదట చూడాల్సింది ఆ అంకెనే.

ఈ ప్రాజెక్టులో రెండు మోడళ్లకీ రిసీవర్లు కొత్తవే. కాబట్టి లోపల ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్ 2.4 గిగాహెర్ట్జ్ ఉన్నదే ఎంపిక. మల్టీ ఎప్పుడైనా అవసరమైతే వెనక బేలో దూరుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి మన దేశంలో విడిగా లైసెన్సు అక్కర్లేదు. అయితే వైర్‌లెస్ పరికరం దిగుమతికి ఈటీఏ (పరికరం రకానికి ప్రభుత్వం ఇచ్చే ఆమోదం) ధ్రువీకరణ అడుగుతారు. విదేశీ వెబ్‌సైట్‌లో నాలుగు రూపాయలు తగ్గిందని తెప్పిస్తే పార్సిల్ కస్టమ్స్‌లో ఇరుక్కునే అవకాశం ఉంది. దేశంలోని దుకాణం నుంచి, బిల్లుతో, మోడ్ 2 (థ్రాటిల్ ఎడమ స్టిక్ మీద ఉండేది) అని రాయించుకుని కొనడం మేలు. మోడ్ 2 ఎందుకంటే ఇక్కడ నేర్పేవాళ్లూ, పక్కన నిలబడి స్టిక్ అందుకునేవాళ్లూ ఎక్కువగా దానికే అలవాటు పడ్డారు.

పుష్యం, సంక్రాంతి ముందు: బల్ల మీద

బ్యాటరీ: 7.4 వోల్టుల రెండు సెల్స్. రేడియో 6.6 నుంచి 8.4 వోల్టుల మధ్య పనిచేస్తుంది. పాత ల్యాప్‌టాప్ ప్యాక్‌లోంచి ఊడదీసినవి వద్దు. రెండు సెల్స్ ఒకే కంపెనీవి, ఒకేసారి కొన్నవి ఉండాలి. ట్రేలో ప్లస్, మైనస్ గుర్తులు చూసి దూర్చాలి. తక్కువ వోల్టేజీ హెచ్చరిక 7.0 దగ్గర పెట్టాం.

గింబల్స్: మొదట కాలిబ్రేషన్. తర్వాత ఛానెల్ మానిటర్ తెరిచి, ఒక్కో స్టిక్‌ని అంచుదాకా లాగి వదలాలి. నడిమికి వచ్చాక అంకె సున్నాకి ఒక శాతం లోపల నిలవాలి. అటునుంచి వదిలితే ఒక అంకె, ఇటునుంచి వదిలితే ఇంకో అంకె వస్తుంటే స్ప్రింగ్ బిగింపు చాలలేదన్నమాట.

థ్రాటిల్ స్టిక్: క్లిక్ పట్టీ పూర్తిగా వదులు చేసి, నున్నటి రాపిడి పట్టీ మాత్రమే ఉంచాం. విమానం వాళ్లకి క్లిక్ ఇష్టం. గ్లైడర్‌లో ఆ స్టిక్ బ్రేకు, హెలికాప్టర్‌లో కలెక్టివ్. రెంటికీ క్లిక్ పనికిరాదు. హెలికాప్టర్ నిలకడగా గాల్లో ఉన్నప్పుడు స్టిక్ ఒక పన్ను మీంచి ఇంకో పన్ను మీదకి దూకితే మోడల్ ఎత్తు మారిపోతుంది. రెండు మోడళ్ల అవసరాలూ ఒకటే అయిన చోటు ఇదొక్కటే.

ఫర్మ్‌వేర్: ఎడ్జ్‌టీఎక్స్ వెర్షనూ ఎస్‌డీ కార్డులోని ఫైళ్ల వెర్షనూ ఒకటే ఉండాలి, లేకపోతే బూట్‌లోనే అరుస్తుంది. ట్రాన్స్‌మిటర్‌లో, రిసీవర్‌లో ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్ పెద్ద వెర్షన్ అంకె కలవాలి: 3 తో 3. 2 తో 3 కలవదు. రెంటిలోనూ రెగ్యులేటరీ ఎంపిక కూడా ఒకటే కావాలి. ఒకటి ఐఎస్ఎమ్, ఇంకోటి యూరప్ వాళ్ల ఎల్‌బీటీ (పంపే ముందు ఆ బ్యాండ్ ఖాళీగా ఉందో వినే పద్ధతి) అయితే లింకు రాదు. బైండింగ్ ఫ్రేజ్ (రేడియోనీ రిసీవర్‌నీ జత కలిపే గుర్తు పదం) రెండు రిసీవర్లకీ ఒకటే పెట్టాం. దాని వల్ల వచ్చే ప్రమాదం, దాని విరుగుడు హెలికాప్టర్ దగ్గర రాస్తాం.

సంక్రాంతి తర్వాత: ఐదో ఛానెల్ సంగతి

గ్లైడర్ కోసం ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్ కొన్నవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే కాబట్టి కాస్త నెమ్మదిగా.

ఈ వ్యవస్థ రేసింగ్ డ్రోన్ల కోసం పుట్టింది. డ్రోన్‌కి నాలుగు స్టిక్‌లే ప్రాణం, మిగతావన్నీ స్విచ్‌లు. అందుకే మామూలు వైడ్ మోడ్‌లో మొదటి నాలుగు ఛానెళ్లే 10 బిట్లతో, అంటే 1024 మెట్లతో, ప్రతి ప్యాకెట్‌లోనూ (ఒక్కసారి పంపే సమాచారపు మూట) వెళ్తాయి. ఐదో ఛానెల్ ఉట్టి ఆన్, ఆఫ్. ఆరు నుంచి పైవి 64 లేదా 128 మెట్లతో, వంతులవారీగా వెళ్తాయి. ఏడు ఛానెళ్లు వంతులు తీసుకుంటే, 250 హెర్ట్జ్‌లో ఒక్కోదానికి సెకనుకి సుమారు ముప్ఫై సార్లు మాత్రమే వంతు వస్తుంది.

ఇప్పుడు కుడి ఐలరాన్ ఒకటో ఛానెల్‌లో, ఎడమ ఐలరాన్ ఆరో ఛానెల్‌లో ఉందనుకోండి. కుడిది నున్నగా, వెంటనే కదులుతుంది. ఎడమది మెట్లుమెట్లుగా, ఆలస్యంగా కదులుతుంది. బల్ల మీద చూస్తే సర్వో పాడైనట్టుంటుంది. సర్వో మార్చినా పోదు. ఫ్లాపు ఐదో ఛానెల్‌లో పెడితే పూర్తిగా పైకి, లేదంటే పూర్తిగా కిందకి. నడుమ ఏమీ ఉండదు.

విరుగుడు: ప్యాకెట్ రేటు 100 హెర్ట్జ్ ఫుల్, స్విచ్ మోడ్ 8 ఛానెల్. అప్పుడు ఆరు, ఏడు, ఎనిమిది ఛానెళ్లు కూడా 10 బిట్లతో ప్రతి ప్యాకెట్‌లోనూ వెళ్తాయి. గ్లైడర్‌కి సెకనుకి వంద సార్లు చాలా ఎక్కువే. పైగా నెమ్మది రేటులో రిసీవర్ ఇంకా బలహీనమైన సిగ్నల్‌ని కూడా పట్టుకుంటుంది: 250 హెర్ట్జ్‌లో హద్దు మైనస్ 108 డీబీఎమ్ (సిగ్నల్ బలం కొలత, మైనస్ అంకె పెరిగితే సిగ్నల్ బలహీనం), 100 ఫుల్‌లో మైనస్ 112. స్విచ్ మోడ్ మార్చేటప్పుడు రిసీవర్ ఆఫ్‌లో ఉండాలి. లింకులో ఉండగా మార్చబోతే మారదు.

గ్లైడర్ ఛానెళ్లు ఇలా పంచాం: 1 కుడి ఐలరాన్, 2 ఎలివేటర్, 3 మోటారు, 4 రడ్డర్, 5 మోటారు భద్రత స్విచ్, 6 ఎడమ ఐలరాన్, 7 కుడి ఫ్లాపు, 8 ఎడమ ఫ్లాపు. ఔట్‌పుట్‌లు ఏడు కావాలి గనుక ఆరు పిన్నుల రిసీవర్ చాలదు. వేరియో లోపలే ఉన్న ఈఆర్8జీవీ తీసుకున్నాం. ఏ ఛానెల్ ఏ పిన్నుకి వెళ్లాలో రిసీవర్ వై-ఫై పేజీలో మార్చుకోవచ్చు, కాబట్టి వైర్లు ఎటు సులువైతే అటు గుచ్చి తర్వాత సర్దొచ్చు.

టెలిమెట్రీ (మోడల్ నుంచి వెనక్కి వచ్చే సమాచారం) నిష్పత్తి 1:8. వంద ప్యాకెట్లలో పన్నెండు చొప్పున వెనక్కి వస్తాయి, వాటిలో కొన్నింటిని లింకు సమాచారమే తినేస్తుంది. 1:32 దగ్గర ఉంచితే వేరియో కూత ఆగి ఆగి వస్తుంది. అది వచ్చేసరికి గ్లైడర్ వేడిగాలి దాటిపోయి ఉంటుంది.

మాఘం: గ్లైడర్ మిక్సర్

మిక్సర్ ముట్టుకునే ముందు మెకానికల్ పని. ఫ్లాపు కిందకి 70 డిగ్రీలు దాకా దిగాలి, పైకి నాలుగైదు చాలు. సర్వో హార్న్ (సర్వోకి బిగించే చెయ్యి) నిటారుగా బిగిస్తే రెండు వైపులా సమానంగా కదిలి, దిగాల్సినంత దిగదు. సర్వో నడిమి స్థానంలో ఉన్నప్పుడు ఫ్లాపు 25 – 30 డిగ్రీలు దిగి ఉండేలా హార్న్ పళ్లు మార్చి బిగించాలి. తర్వాత మిక్సర్‌లో ఒక ఆఫ్‌సెట్ లైనుతో మామూలు స్థానానికి తేవాలి. దీన్ని సబ్‌ట్రిమ్‌తో (సర్వో నడిమి స్థానాన్ని జరిపే సెట్టింగు) చెయ్యబోతే ఒక వైపు ప్రయాణం నొక్కుకుపోతుంది.

ఐలరాన్ డిఫరెన్షియల్: పైకి 12 మిల్లీమీటర్లు, కిందకి 6. కిందకి దిగే ఐలరాన్ ఎక్కువ డ్రాగ్ (గాలి అడ్డు) తెచ్చి, ముక్కుని మలుపుకి ఎదురు దిక్కు లాగుతుంది, అందుకే ఈ తేడా. కానీ బ్రేకు వేసినప్పుడు ఐలరాన్లు అప్పటికే పైకి లేచి ఉంటాయి. అక్కడ కూడా కింద ప్రయాణం సగానికి కోస్తే రోల్ చచ్చిపోతుంది, సరిగ్గా నేలకి దగ్గర్లో. అందుకే ల్యాండింగ్ మోడ్‌లో డిఫరెన్షియల్ తీసేయాలి. రెడీమేడ్ సెటప్ ఫైళ్లలో ఈ ఒక్కటి వదిలేసినవి చాలా కనిపిస్తాయి.

ఫ్లైట్ మోడ్‌లు ఐదు. క్రూయిజ్: అన్నీ సమంగా. మోటారు ఆరోహణ: ఫ్లాపులు 2 మిల్లీమీటర్లు కిందకి. థర్మల్ (లేచే వేడిగాలిలో తిరగడానికి): ఫ్లాపులు 3, ఐలరాన్లు 2 మిల్లీమీటర్లు కిందకి. స్పీడ్: రెండూ 1 మిల్లీమీటరు పైకి. ల్యాండింగ్: పైన చెప్పిన బ్రేకు, దీన్నే క్రో బ్రేకు అంటారు. మోడ్ నుంచి మోడ్‌కి మారేటప్పుడు అర సెకను ఫేడ్ పెట్టాం, లేకపోతే స్విచ్ తిప్పిన ప్రతిసారీ ముక్కు ఎగిరిపడుతుంది. ఎడమ స్లైడర్ థర్మల్ మోడ్‌లో క్యాంబర్‌ని కొంచెం అటూ ఇటూ జరుపుతుంది, మిగతా మోడ్‌లలో దానికి పనిలేదు.

క్రో బ్రేకు థ్రాటిల్ స్టిక్ మీద. స్టిక్ పూర్తిగా పైన ఉంటే బ్రేకు మూత, కిందకి లాగితే తెరుచుకుంటుంది. పైన మొదటి పది శాతం ఖాళీ వదలాలి, వేలు అదిరితే బ్రేకు తెరుచుకోకూడదు. పూర్తి బ్రేకులో ఫ్లాపులు 70 డిగ్రీలు కిందకి, ఐలరాన్లు 10 మిల్లీమీటర్లు పైకి. ఫ్లాపు కదలికకి ఒక సెకను స్లో పెట్టాం, సర్వో గేర్లకి ఆయుష్షు.

ఎలివేటర్ సవరణ సరళరేఖ కాదు. బ్రేకు మొదటి మూడో వంతు తెరుచుకునేసరికే ముక్కు బాగా లేస్తుంది, ఆ తర్వాత పెరుగుదల తగ్గుతుంది. ఐదు పాయింట్ల కర్వ్ 0, 60, 85, 95, 100 తో మొదలుపెట్టాం. ఇక్కడ 100 అంటే ఎలివేటర్ కిందకి 4 మిల్లీమీటర్లు. ఇది మోడల్‌ని బట్టి మారుతుంది కనుక బాగా ఎత్తులో ఉండగా బ్రేకు నెమ్మదిగా తెరుస్తూ, పాయింటు పాయింటుకీ సరిచెయ్యాలి.

ఒక చిన్న అడ్డంకి. గ్లైడర్ మొదలుపెట్టేటప్పుడు ఈ స్టిక్ పైనుంటుంది కదా, రేడియో దాన్ని ఫుల్ థ్రాటిల్ అనుకుని హెచ్చరిక తెరని తొలగించదు. విసుగొచ్చి హెచ్చరికే తీసేస్తుంటారు. తీసెయ్యకూడదు. మోడల్ సెటప్‌లో థ్రాటిల్ మూలాన్ని స్టిక్ నుంచి మోటారుని నడిపే కుడి స్లైడర్‌కి మార్చాలి. అప్పుడు హెచ్చరిక సరైన చోట కాపలా కాస్తుంది. మోటారుకి ఐదో ఛానెల్ భద్రత స్విచ్ వేరే ఉంది. అది ఆఫ్‌లో ఉంటే, మిక్సర్‌లో చివరి లైను మోటారు ఛానెల్‌ని మైనస్ 100కి తొక్కిపెడుతుంది. ఆ లైను రీప్లేస్ రకం కావాలి, యాడ్ రకం పెడితే స్లైడర్ విలువతో కూడుకుని మోటారు తిరుగుతుంది.

ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే రిసీవర్ పెట్టే స్థానాలు): మోటారు ఆఫ్, బ్రేకులు సగం పైన తెరుచుకుని, రడ్డర్ కొద్దిగా ఒక పక్కకి. సిగ్నల్ పోయిన గ్లైడర్ తిన్నగా పోతే ఊళ్లు దాటిపోతుంది. చిన్న వలయాల్లో దిగితే వెతుక్కోవచ్చు. ప్రొపెల్లర్ ఊడదీసి, రేడియో ఆఫ్ చేసి, కళ్లతో చూడాలి. పేజీలో అంకె వేశాం కదా అని వదిలెయ్యకూడదు, పిన్ను మ్యాపింగ్ మార్చినప్పుడల్లా మళ్లీ చూడాలి.

మాఘం చివర: యాంటెన్నా, రేంజ్

రిసీవర్ యాంటెన్నాలో పనిచేసే భాగం చివరి 31 మిల్లీమీటర్లే, 2.4 గిగాహెర్ట్జ్ తరంగంలో పావు వంతు. మిగతాది కోయాక్స్ వైరు. ఆ చివరి ముక్క కార్బన్ ఫైబర్‌కి ఆనకూడదు, కార్బన్ లోపల అసలే ఉండకూడదు. మా గ్లైడర్ ముక్కు గ్లాస్ ఫైబర్, వెనక బూమ్ (తోక గొట్టం), రెక్కల స్పార్ (లోపలి ఆధారపు కడ్డీ) కార్బన్. రెండు యాంటెన్నాలూ ముక్కులో ఒకదానికొకటి లంబంగా టేపుతో అంటించాం. ట్రాన్స్‌మిటర్ యాంటెన్నా కొసని మోడల్ వైపు గురిపెట్టకూడదు, కొస దిశలోనే సిగ్నల్ బాగా తక్కువ. పక్కకి వంచి ఉంచాలి.

రేంజ్ పరీక్షకి కోతలైన వరిమడి తీసుకున్నాం. మన వైపు వరి కోశాక పెసలో మినుములో చల్లేస్తారు. కాబట్టి చల్లని మడి చూసి, రైతుని అడిగి దిగాలి. పవర్‌ని 10 మిల్లీవాట్ల దగ్గర కదలకుండా పెట్టి, ఒకరు గ్లైడర్‌ని భుజం ఎత్తులో పట్టుకుని అన్ని వైపులకీ తిప్పుతూ దూరం నడవాలి. తెర మీద లింక్ క్వాలిటీ (అందిన ప్యాకెట్ల శాతం), ఆర్‌ఎస్‌ఎస్‌ఐ (సిగ్నల్ బలం) రెండూ చూడాలి. లింక్ క్వాలిటీ చివరిదాకా 100 చూపించి ఉన్నట్టుండి పడిపోతుంది, అది ముందుగా చెప్పదు. ముందుగా చెప్పేది ఆర్‌ఎస్‌ఎస్‌ఐ. హద్దు మైనస్ 112 కనుక, హెచ్చరిక మైనస్ 102 దగ్గర పెడితే పది డెసిబెల్స్ మిగులుంటుంది.

లెక్క సులువు. పవర్ 10 నుంచి 100 మిల్లీవాట్లకి పెంచితే పది డెసిబెల్స్ లాభం, ఖాళీ గాలిలో దూరం సుమారు మూడు రెట్లు. 10 మిల్లీవాట్లతో 300 మీటర్లు శుభ్రంగా వస్తే, 100తో తొమ్మిది వందల మీటర్లు దాటుతుంది. రెండు మీటర్ల గ్లైడర్ అంతకన్నా ముందే కంటికి ఆనదు. అందుకే ఒక వాటు రేడియో కోసం డబ్బులు పొయ్యక్కర్లేదు. గట్టు మీద తాటిచెట్లు పెద్దగా ఇబ్బంది పెట్టవు. తీరంలో దట్టమైన సరుగుడు తోట మాత్రం సిగ్నల్‌ని బాగా తాగేస్తుంది. కళింగపట్నం వైపు ఎగరేస్తే తోట వెనక్కి గ్లైడర్‌ని పోనియ్యకూడదు.

ఫాల్గుణం: హెలికాప్టర్

ముందు రోటర్ బ్లేడ్లు తీసి, మోటారు మూడు వైర్లలో రెండు ఊడదీయాలి. సెటప్ అంతా అయ్యేదాకా అవి అలాగే ఉండాలి.

ఎడ్జ్‌టీఎక్స్‌లో హెలీ అనే పేజీ కనిపిస్తుంది. ఫ్లైబార్‌లెస్‌కి దాన్ని ముట్టుకోవద్దు. అక్కడ 120 డిగ్రీలు ఎంచుకుంటే ట్రాన్స్‌మిటర్ ఒకసారి, ఎఫ్‌బీఎల్ ఇంకోసారి మిక్స్ చేస్తాయి. కలెక్టివ్ కదిపితే స్వాష్‌ప్లేట్ పక్కకి ఒరుగుతుంది. ట్రిమ్‌లు కూడా ఇన్‌పుట్ పేజీలో ఆపెయ్యాలి. ట్రిమ్ నొక్కితే ఎఫ్‌బీఎల్ దాన్ని ఆగకుండా తిరగమనే ఆజ్ఞగా అర్థం చేసుకుంటుంది. సర్వో తిరగబడి ఉంటే ఎఫ్‌బీఎల్‌లో తిప్పాలి, స్టిక్ దిశ తిరగబడి ఉంటే ట్రాన్స్‌మిటర్‌లో తిప్పాలి. ఈ రెంటినీ కలగాపులగం చేస్తే జైరో సవరణ ఎదురు దిక్కులో పనిచేస్తుంది. పరీక్ష ఒక్కటే: హెలికాప్టర్‌ని చేత్తో ముందుకి వంచితే స్వాష్‌ప్లేట్ వెనక్కి వంగాలి.

ఇక్కడ 250 హెర్ట్జ్ వైడ్ మోడ్ చాలు, కానీ కలెక్టివ్ మొదటి నాలుగు ఛానెళ్లలో ఉండి తీరాలి: రోల్, పిచ్, కలెక్టివ్, తోక. ఐదు ఆర్మ్ (మోటారు తిరగడానికి అనుమతి ఇచ్చే స్విచ్). థ్రాటిల్ ఆరులో. గవర్నర్ (రోటర్ వేగాన్ని స్థిరంగా ఉంచేది) ఉన్నప్పుడు థ్రాటిల్ అంటే మూడు నాలుగు స్థిర విలువలే, దానికి 64 మెట్లు దండి. విమానం అలవాటుతో మూడో ఛానెల్ థ్రాటిల్‌కే ఇచ్చి, కలెక్టివ్‌ని ఆరులోకి నెడితే మోడల్ గాల్లో మెట్లెక్కి దిగుతున్నట్టు ఉంటుంది.

మధ్య విలువ 1500, అంచులు 988, 2012 మైక్రోసెకన్లు వస్తున్నాయా అని ఎఫ్‌బీఎల్ తెరలో చూసుకోవాలి. కలెక్టివ్ ప్లస్ మైనస్ 11 డిగ్రీలు. నిలకడకి అయిదు డిగ్రీల చుట్టుపక్కల పడుతుంది. నేర్చుకునేవాళ్లకి నార్మల్ మోడ్‌లో కింద చివర మైనస్ 3 దగ్గర ఆపాం. స్టిక్ భయంతో కిందకి కొట్టినా నేలలోకి దూరిపోదు. ఐడిల్-అప్‌లో (విన్యాసాల మోడ్) పూర్తి సరళరేఖ. నార్మల్‌లో తిరుగుడు వేగం నిమిషానికి 2,300 చుట్టూ.

థ్రాటిల్ హోల్డ్, అంటే మోటారు ఆపేసేది, ఎస్‌ఎఫ్ అనే స్విచ్ మీద. గ్లైడర్ మోటారు భద్రత కూడా అదే స్విచ్, అదే దిశ. ఒక మోడల్‌లో పైకంటే ఆఫ్, ఇంకో మోడల్‌లో కిందకంటే ఆఫ్ అని పెట్టుకుంటే కంగారులో వేలు పాత అలవాటుకే పోతుంది.

ఒకే బైండింగ్ ఫ్రేజ్ వల్ల వచ్చే ప్రమాదం ఇది. రేడియోలో గ్లైడర్ మోడల్ తెరిచి ఉండగా హెలికాప్టర్ బ్యాటరీ కలిపితే లింకు వచ్చేస్తుంది, గ్లైడర్ బ్రేకు స్టిక్ హెలికాప్టర్ మోటారుకో కలెక్టివ్‌కో వెళ్తుంది. దీనికే మోడల్ మ్యాచ్ ఉంది. మొదట్లో అది ఆఫ్‌లో ఉంటుంది. ఒక్కో మోడల్‌కీ వేరే రిసీవర్ అంకె ఇచ్చి, ఆ మోడల్ రిసీవర్ లింకులో ఉండగా రేడియోలోని ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్ స్క్రిప్టులో ఆన్ చెయ్యాలి. అప్పుడు తప్పు మోడల్‌తో లింకు కనిపించినా రిసీవర్ సర్వోలకి ఏమీ పంపదు. మోడల్‌ని కాపీ చేసి కొత్తది తయారుచేస్తే అంకె కూడా చూసుకోవాలి.

తోకకి బెల్టు ఉన్న హెలికాప్టర్లలో పొడిగాలి రోజుల్లో స్టాటిక్ కరెంటు పేరుకుని సర్వోలు ఉలిక్కిపడతాయి. రేడియోని తిడతారు. తోక బూమ్ నుంచి మోటారు మౌంట్‌కి సన్నటి వైరు కలిపితే పోతుంది.

చైత్రం: పొలంలో, ఒడ్డున

రంగు తెర ఎండలో కనిపించదు. పూర్తి వెలుతురు పెట్టినా పదకొండు దాటాక అద్దమే. అందుకని చూడాల్సినవన్నీ వినేలా మార్చాం. "హోల్డ్", "మోటారు ఆన్", "బ్రేకు", "సిగ్నల్ తక్కువ" అని తెలుగులో ఫోన్‌లో రికార్డు చేసి, మోనో, 16 బిట్ వేవ్ ఫైళ్లుగా మార్చి, ఎస్‌డీ కార్డు సౌండ్స్ ఫోల్డర్‌లో పెట్టాం. ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఆరు లోపు ఉంచితే గొడవ ఉండదు. అంకెలు చదివేది మాత్రం రేడియో సొంత గొంతే.

వేరియో: గ్లైడర్ తన బరువుకి ఎటూ సెకనుకి అర మీటరు చొప్పున దిగుతుంటుంది. కాబట్టి మైనస్ 0.5 నుంచి ప్లస్ 0.2 దాకా నిశ్శబ్దం, ఆ పైన కూత. ఫాల్గుణం, చైత్రం ఉదయం పది నుంచి లోపలి పొలాల మీద వేడిగాలి బాగా లేస్తుంది. గద్దలు తిరిగే చోటు వేరియో కన్నా ముందే చెబుతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి లోపలికి తోసుకొచ్చాక తీరానికి దగ్గర్లో అది చచ్చిపోతుంది. అప్పుడు గ్లైడర్ దించి హెలికాప్టర్ తియ్యడమే.

డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతం) కూడా ఎత్తు హద్దు 120 మీటర్లు. విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 60 మీటర్లే. మంచి థర్మల్ దొరికితే 120 దాటడానికి నిమిషం పట్టదు. ఎత్తు సెన్సర్ ఉంది కనుక 100 దగ్గర ఒక హెచ్చరిక, 115 దగ్గర ఇంకోటి స్పెషల్ ఫంక్షన్‌లో పెట్టాం. రెండోది వినగానే బ్రేకు తెరవాలి. విజయనగరం వైపు వెళ్లేవాళ్లు భోగాపురం విమానాశ్రయం ఉంది కాబట్టి డిజిటల్ స్కై మ్యాప్‌ని (డ్రోన్ జోన్లు చూపే ప్రభుత్వ మ్యాప్) పాత జ్ఞాపకంతో కాకుండా, వెళ్లే రోజే చూడాలి.

ఒడ్డున ఉప్పుగాలి, ఇసుక. హాల్ గింబల్‌కి రాసుకునే పాట్ (రాపిడితో స్థానం కొలిచే భాగం) లేదు కనుక అది తట్టుకుంటుంది. పక్క స్లైడర్లు, ఎస్1, ఎస్2 నాబ్‌లు పాత రకం పాట్‌లే, వాటిలోకి ఉప్పు చేరితే అంకె ఎగురుతుంది. ఇంటికొచ్చాక పొడిగుడ్డకి కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచి, పెట్టెలో సిలికా జెల్ సంచులు వెయ్యాలి. హెలికాప్టర్‌ని ఇసుక మీంచి లేపొద్దు, మీటరు చదరం ప్లైవుడ్ చెక్క చాలు. రేడియోని ఎండలో కారులో వదలొద్దు. నల్లటి ప్లాస్టిక్, లోపల లిథియం సెల్స్, మన ఏప్రిల్ ఎండ. మోడల్స్ ఫోల్డర్‌ని ప్రతి మార్పు తర్వాత కంప్యూటర్‌లోకి కాపీ చెయ్యాలి.

మిగిలిన పని

రెండో రేడియోతో ట్రైనర్ లింకు (గురువు, శిష్యుడి రేడియోల్ని కలిపేది) కట్టి చూడాలి. ట్రైనర్ స్విచ్ వదలగానే కలెక్టివ్ గురువు స్టిక్ స్థానానికి దూకుతుంది, కాబట్టి హెలికాప్టర్‌లో శిష్యుడికి ముందు రోల్, పిచ్ మాత్రమే ఇవ్వాలి. ల్యాండింగ్ మోడ్‌లో ఎలివేటర్ కర్వ్ మూడో పాయింటు ఇంకా కొంచెం ఎక్కువగా ఉంది, సగం బ్రేకులో ముక్కు దిగుతోంది. 85 ని 80కి తగ్గించి మళ్లీ ఎగరేయాలి. హెలికాప్టర్ టైమర్ హోల్డ్ తీసినప్పటి నుంచి నాలుగు నిమిషాలకి పెట్టి ఉంది. ప్యాక్‌లో సెల్ ఒక్కోటి లోడు మీద 3.6 వోల్టుల దగ్గర నిలుస్తోందో లేదో టెలిమెట్రీ లాగ్‌లో చూశాకే దాన్ని పెంచాలి.